శకటరేఫానికి మీట లేదట!



తెలుగు జాలస్థలి ఏదైనా కొత్తగా కడుతున్నప్పుడు, అందులో తెలుగు రాసే సదుపాయం సంగతి వచ్చేసరికి మన సాంకేతిక మిత్రులు రెండే మాటలు అంటారు. మొదటిది: "ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అదే వస్తుంది గదా, వేరే కీబోర్డు దేనికి?" ఆ మాటకు అడ్డు చెబితే రెండోది వస్తుంది: "సరే, తెరమీద ఒక కీబోర్డు పెట్టేస్తాం, ఉచితంగా దొరికేవి బోలెడున్నాయి." మొదటి మాట అన్యాయం. రెండో మాట అంతకన్న అన్యాయం. అది న్యాయం చేసినట్టు కనబడుతుంది గనుక. ఈ టపా ఆ రెంటి మీదనూ.

సందర్భం చెప్పి ముందుకు పోతాను. పాత నిఘంటువులలో పదాలు వెతుక్కోవడానికీ, పూర్వకావ్యాలలోని పద్యాలను ఎత్తి రాసి భద్రపరచుకోవడానికీ కొందరు యువకులు ఒక జాలస్థలి కడుతున్నారు. వారి పేర్లు ఇక్కడ అనవసరం. సంకల్పం గొప్పది, జీతం భత్యం లేకుండా రాత్రిళ్ళు మేలుకొని చేస్తున్న పని. వెతుకుపెట్టె మూలన చిన్న కీబోర్డు బొమ్మ ఉన్నది. నొక్కితే తెరమీద అచ్చులూ హల్లులూ పరుచుకున్నాయి. ముచ్చట వేసింది. "ఱెక్క" అని రాసి చూద్దామనుకున్నాను. శకటరేఫం లేదు. పోనీ "ఏఁడు" అని రాద్దామంటే అరసున్న లేదు. అడిగితే వచ్చిన సమాధానం ఇది: "ఆ అక్షరాలు ఇప్పుడెవరు వాడుతున్నారు మాష్టారూ? లైబ్రరీలో అలాగే వచ్చింది." లైబ్రరీ అంటే గ్రంథాలయం కాదు, ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాము ముక్క. గ్రంథాలయంలో అలా రాలేదు నాయనా, వచ్చి ఉంటే మనకీ వాదం ఉండేది కాదు.

ఎవరు వాడుతున్నారు అన్న ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. నేటి రాతలో ఱకారాన్ని, అరసున్నను తిరిగి ప్రవేశపెట్టాలన్న కోరిక నాకు లేదు. ఆ పోరాటం గిడుగువారి కాలంలోనే తేలిపోయింది, తేలవలసిన తీరుగానే తేలింది. ఈ టపాలో మీరు చదువుతున్న భాషే అందుకు సాక్ష్యం. నా వాదం రాత గురించి కాదు, తలుపు గురించి. నిఘంటువు అనేది ఒక ఇల్లు, పదం అందులోకి పోయే తలుపు. బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరం 1885లో వెలువడింది. మనం రెక్క అనేది అందులో ఱెక్క. రాయి అందులో ఱాయి. రంపం ఱంపము, రొమ్ము ఱొమ్ము. లెక్కించే అంకెలే చూడండి, ఆఱు, నూఱు. ఈ మాటలకు ఆ నిఘంటువు వేరే చోటు కేటాయించింది. మీ కీబోర్డులో ఱ లేకపోతే ఆ చోటుకు పోయే దారి లేదు. పుస్తకాన్ని కష్టపడి జాలంలోకి ఎక్కించి, దాని వాకిలికి మీరే తాళం వేస్తున్నారు.

ఇక్కడ ఒక తెలివైన జవాబు ఉన్నది, నాకు ఇచ్చారు కూడా. "ర అని వెతికినా ఱ ఉన్న మాటలు కూడా చూపించేటట్టు చేస్తాం, అరసున్న ఉన్నా లేకున్నా ఒకటిగానే లెక్కిస్తాం" అని. చేయండి, తప్పక చేయండి, తెలియనివారికి అది గొప్ప ఉపకారం. కాని తెలిసినవాడి మాటేమిటి? అరుగు అంటే తిన్నె, అరుగు అంటే వెళ్ళు. అఱుగు అంటే జీర్ణమగు. ఏడు అంటే సంఖ్య, ఏఁడు అంటే సంవత్సరం. ఈ భేదం తెలిసి, అదే కావాలని వచ్చినవాడికి అన్నింటినీ కలగలిపి ఒక బుట్టలో పోసి ఇవ్వడం సేవ కాదు. తెలియనివాడికి దారి చూపే ఏర్పాటు తెలిసినవాడికి దారి మూసే ఏర్పాటు కాకూడదు గదా.

ఎత్తిరాసే పని దగ్గరకు వస్తే అన్యాయం ఇంకా ముదురుతుంది. నన్నయ తిక్కనల పద్యాలలో ప్రాసస్థానంలో రేఫానికీ శకటరేఫానికీ పొత్తు కుదరదు. అవి ఆనాటికి వేరు వేరు ధ్వనులు, వారికి చెవిలో వేరుగా వినబడ్డాయి. ఆ పద్యాన్ని ఱ లేని కీబోర్డుతో ఎత్తిరాస్తే ఏమవుతుంది? అన్నీ రేఫాలే అవుతాయి. పద్యం చదువుకోవడానికి బాగానే ఉంటుంది, అర్థం చెడదు, తాత్పర్యం చెడదు. కాని వెయ్యేళ్ళ కిందటి తెలుగు నాలుక ఎలా పలికిందో చెప్పే సాక్ష్యం చెరిగిపోతుంది. రేపు ఏ భాషాశాస్త్ర విద్యార్థియో ఆ జాలస్థలిని నమ్మి, ఫలానా కవి ర-ఱలను కలిపి ప్రాస కట్టాడని వ్యాసం రాస్తాడు. కవి కలపలేదు, మీ కీబోర్డు కలిపింది.

ఇదంతా పండితుల గొడవ, సామాన్యుడికి ఎందుకు అంటారా? సరళాదేశ సంధి బడిపిల్లలకు పాఠం. ఆ సంధి జరిగిన రూపాన్ని వ్యాకరణం చెప్పినట్టు రాయాలంటే అరసున్న రాయవలసిందే. బడిపిల్లవాడు తన పాఠంలోని ఉదాహరణను మీ తెలుగు కీబోర్డుతో రాయలేడు. ఎవరు వాడుతున్నారని అడిగినవారు తమ తెలుగు వాచకాన్ని ఒకసారి తిరగేసి చూసుకుంటే బాగుంటుంది.

పోనీ అక్షరాల లెక్క ఎవరిది ప్రమాణం? చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సంస్కృతానికి 50, తెలుగుకు 36 అని వర్ణాలను లెక్కగట్టారు. ఆ 36లో అరసున్న ఉన్నది, దంత్య చ-జలు ఉన్నాయి. యూనికోడులో తెలుగు 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచీ ఉన్నది, మనకు 128 గళ్ళ పలక ఇచ్చారు. అప్పుడే అన్నీ నింపలేదు. దంత్య చ-జలు అయిన ౘ, ౙలకూ, శివోఽహం అన్నప్పుడు పెట్టే అవగ్రహానికీ, కౢప్తం అన్నప్పుడు కావలసిన ఌకారపు గుర్తుకూ 2008లో 5.1వ కూర్పుతోనే చోటు దొరికింది. అంతకు ముందు అవగ్రహానికి బదులు ఏదో ఒక ఇంగ్లీషు అక్షరాన్నో అంకెనో నిలబెట్టి సరిపెట్టుకున్నవాళ్ళం మనమే. శాసనాలలో కనబడే ప్రాచీనాక్షరం ఴ 2014లో, మరొకటి ౚ 2015లో వచ్చాయి. నకారప్పొల్లుకు వేరే గుర్తు 2021లో వచ్చింది. అంటే మన పలక ఇంకా నిండుతూనే ఉన్నది. ఎప్పుడో 2005 ప్రాంతంలో ఎవరో కట్టిన కీబోర్డును తెచ్చి బిగించి "తెలుగు అయిపోయింది" అనుకుంటే, ఆ తరువాత వచ్చినవేవీ అందులో ఉండవు. అందుకే కీబోర్డు మార్చుకునే వీలు ఉండాలని అంటున్నాను. అది సోకు కాదు, అవసరం.

మార్చుకునే వీలు అంటే ఏమిటో కూడా చెప్పవలసి వస్తున్నది. ఈ ఉచిత కీబోర్డులన్నీ "మీకు కావలసినట్టు మార్చుకోవచ్చు" అనే డప్పు కొట్టుకుంటాయి. తీరా చూస్తే మార్చుకోగలిగినవి మీట రంగు, మీట అంచు గుండ్రమా చదరమా, నొక్కితే చప్పుడు రావాలా వద్దా. ఏ మీట ఎక్కడ ఉండాలి, అసలు ఉండాలా వద్దా, నొక్కితే ఏమి పడాలి అన్నవి మార్చాలంటే ప్రోగ్రాము లోపలికి చేయి పెట్టాలి. ఆ చేయి ప్రోగ్రామరుదే కావాలి, ఆయనకు ఱ తెలియదు. ఱ తెలిసినవాడికి ప్రోగ్రాము తెలియదు. మధ్యలో తెలుగు నలుగుతున్నది.

ఇప్పుడు మొదటి మాట దగ్గరకు వస్తాను. ఇది మనవాళ్ళకు కొంచెం కోపం తెప్పించవచ్చు. ఇంగ్లీషు అక్షరాలలో తెలుగు కొట్టే పద్ధతికి మన తరం బ్లాగరులం తీర్చుకోలేనంత రుణపడి ఉన్నాం. ఆర్‌టీఎస్ లేకపోతే, ఆ తరువాత లేఖిని రాకపోతే, కూడలీ జల్లెడా నిండి ఉండేవి కావు, నేనూ ఇక్కడ ఉండేవాణ్ణి కాను. అది వంతెన, దాని మీదుగానే అందరం ఇవతలి గట్టుకు వచ్చాం. కాని వంతెన ఉన్నది గదా అని రేవులన్నీ మూసేయమంటారా? ఆ వంతెన ఎక్కాలంటే ముందు ఇంగ్లీషు అక్షరాలు చేతికి వచ్చి ఉండాలి. తెలుగు రాయడానికి ఇంగ్లీషు అర్హత! త అంటే చిన్న టీ, ట అంటే పెద్ద టీ. న అంటే చిన్న ఎన్, ణ అంటే పెద్ద ఎన్. శ, ష, స అనే మూడింటికి మూడు రకాల లెక్కలు, ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరు. ముప్పై అయిదేళ్ళు తెలుగు చెప్పి రిటైరైన మా తోటి పండితులలో ఈ లెక్క నేర్చుకోలేక కలం దగ్గరే ఆగిపోయినవారు నాకు తెలిసే ఎందరో ఉన్నారు. వారికి ఛందస్సు కొట్టిన పిండి, వారికి రానిది పెద్ద టీ. వారి దగ్గర ఉన్న పద్యాలు వారితోనే పోతున్నాయి.

విదేశాలలో ఉన్న మన పిల్లల సంగతి ఇందుకు తలకిందులు. వారికి ఇంగ్లీషు అక్షరాలు పుట్టుకతోనే వచ్చినట్టు వస్తాయి, తెలుగు అక్షరాలు ఇంకా నేర్చుకుంటున్నారు. ఆ పిల్లవాడు టీ, హెచ్, ఏ కొడితే థ అనే బొమ్మ పడుతుంది. వాడికి అక్షరం పరిచయం కావడం లేదు, తెరమీద పడిన బొమ్మ పరిచయం అవుతున్నది. వేలితో "త" అన్న అక్షరాన్నే వెతికి నొక్కినవాడికి, దాని పక్కనే థ, ద, ధ, న ఉన్నాయని కంటికి కనబడుతుంది. అదే గదా వర్ణమాల చెప్పే పాఠం.

ఫోనులో తెలుగు కీబోర్డు ఉన్నది గదా అంటారు. ఉన్నది, సంతోషం. అది ఫోనువారిది, అందులో ఏముండాలో మీరూ నేనూ చెప్పలేం. ఊరి గ్రంథాలయంలోని కంప్యూటరులో, బంధువుల ఇంటి కంప్యూటరులో, తెలుగు అమర్చుకోవడానికి అనుమతి లేని కార్యాలయపు కంప్యూటరులో ఏమి చేయాలి? ఇక కొత్తగా వినబడుతున్న మాట, "నోటితో చెబితే చాలు, అదే రాసేస్తుంది" అనేది. అరుగు, అఱుగు ఈనాడు నోటికి ఒకటే. ఏడు, ఏఁడు ఒకటే. చెవికి అందని భేదాన్ని యంత్రానికి చెవి ద్వారా ఎలా చెబుతారు? ఆ భేదం ఇప్పుడు కంటిలో మాత్రమే బతికి ఉన్నది. వేలు పెట్టి చూపవలసిందే.

సరే, తెరమీద కీబోర్డు పెట్టాలి. అది ఎలా ఉండాలి? ఇక్కడ మన మిత్రులు చేసే పని, ఇంగ్లీషు కీబోర్డు బొమ్మ వేసి, దాని మీద ఇన్‌స్క్రిప్ట్ అక్షరాలు అద్దడం. ఇన్‌స్క్రిప్ట్‌ను నేను తక్కువ చేయడం లేదు. 1986లో కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ రూపొందించిన ఆ వరుసలో గొప్ప ఆలోచన ఉన్నది. అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి వస్తాయి. క ఏ మీట మీద ఉంటే షిఫ్టు నొక్కితే ఖ అక్కడే, గ ఉన్నచోటే ఘ. తెలుగుకు నేర్చుకుంటే కన్నడానికీ హిందీకీ అదే సరిపోతుంది. కాని అది చూడకుండా పది వేళ్ళతో కొట్టేవారి కోసం పుట్టినది. తెరమీద కీబోర్డు వాడేవాడు ఒక్క వేలితో, చూసి చూసి నొక్కుతాడు. వాడికి క కుడిచేతి కింద ఎందుకున్నది, దాని పక్కన ప, ర, త ఎందుకున్నాయి అన్నది అర్థం కాదు. అర్థం కావలసిన పనీ లేదు.

చూసి నొక్కేవాడికి మన పూర్వులు ఎప్పుడో వరుస కట్టిపెట్టారు. కచటతపలు అడ్డంగా అయిదు, నిలువుగా అయిదు, మొత్తం ఇరవైఅయిదు గళ్ళు. నోటిలో ఎక్కడ పుట్టే ధ్వనికి అక్కడ స్థానం, కంఠం నుంచి పెదవుల దాకా. ప్రపంచంలో ఎన్ని లిపులకు ఇంత చక్కని పట్టిక ఉన్నది? అమెరికాలో 1870లలో టైపురైటరు కోసం ఏర్పడిన వరుస ఈనాడు ప్రపంచమంతా వేళ్ళకు అంటుకున్నది, దాన్ని మనం పవిత్రంగా పాటిస్తున్నాం. ఓనమాలతో పాటు వచ్చిన పట్టికను మాత్రం కీబోర్డు దగ్గర మరచిపోతాం. రెండు వరుసలూ పెట్టండి, ఇన్‌స్క్రిప్ట్ కావలసినవారు అది ఎంచుకుంటారు. కాని తెరిస్తే మొదట కనబడవలసింది వర్ణమాల.

గుణింతం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఈ కీబోర్డులలో ఆకారపు గుర్తుకూ ఇకారపు గుర్తుకూ ఉన్న మీటలు చూశారా? చుక్కలతో గుండ్రం ఒకటి, దాని నెత్తిన తోక ఒకటి. మా ఊళ్ళో ఒక పెద్దాయన దాన్ని చూసి "ఇదేం అక్షరమయ్యా, ఎక్కడా చదవలేదే" అన్నారు. ఆయన తప్పేమీ లేదు, అది ఏ తెలుగు పుస్తకంలోనూ లేదు. బడిలో ఎవరూ దీర్ఘాన్ని గాలిలో రాయరు, క మీద పెట్టి కా అని చూపుతారు. మీట మీద కూడా అలాగే చూపవచ్చు. అంతకన్న మంచి ఉపాయం, ర నొక్కగానే గుణింతపు వరుస మొత్తం రా, రి, రీ, రు, రూ అని మారిపోవడం. ఇది నా కల్పన కాదు. ఐఐటీ బొంబాయివారి స్వరచక్ర కీబోర్డు ఫోనులో ఇటువంటి పనే చక్రం రూపంలో చేసింది, హల్లు మీద వేలు పెడితే దాని గుణింతం చుట్టూ విచ్చుకుంటుంది. జాలస్థలిలో ఇదే చేయడం పెద్ద విద్య కాదని నాకు ప్రోగ్రాము తెలిసినవారే చెప్పారు. చేయకపోవడానికి కారణం ఎవరూ అడగకపోవడం.

పొల్లు దగ్గర అసలైన చిక్కు ఉన్నది. యూనికోడులో వత్తుకు వేరే సంకేతం లేదు, హల్లు తరువాత పొల్లు, ఆ తరువాత మరో హల్లు వస్తే రెండోది వత్తుగా కిందికి దిగుతుంది. లక్ష్మి అన్న మాట కంటికి రెండే అక్షరాలు, లోపల ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఈ సంగతి చెప్పకుండా పొల్లు గుర్తు ఒక మూలన పెట్టి వదిలేస్తే వత్తు ఎలా రాయాలో కొత్తవాడికి ఏడు జన్మలకు తెలియదు. ఆ మీటకు "వత్తు" అని పేరు పెట్టండి చాలు.

వత్తు పడకూడని చోట్లు కూడా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ అని రాయబోతే సాఫ్ట్వేర్ అవుతుంది. రాజ్‌కుమార్ రాజ్కుమార్ అవుతాడు. ఇన్నేళ్ళుగా బ్లాగులు రాస్తున్న మనకు ఆ రెంటి మధ్య కనబడని ఒక సంకేతం పెట్టాలని తెలుసు. లేఖినిలో దానికి ఉపాయం ఉన్నది, వికీపీడియాలో ఉన్నది. తెరమీది కీబోర్డులలో చాలావాటిలో దానికి మీటే లేదు. ఉన్నచోట దాని మీద ఆ సంకేతపు ఇంగ్లీషు పొట్టిపేరు ఉంటుంది, నాలుగక్షరాలు, పలకడానికే నోరు తిరగదు. "పొల్లు" అనే మీట ఒకటి పెట్టి, నొక్కితే పొల్లూ ఆ కనబడని సంకేతమూ కలిసి పడేటట్టు చేయవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం కావాలి. మాట చివర పొల్లు వచ్చినప్పుడు ఆ సంకేతం అనవసరం, అక్కడ అది మిగిలిపోతే కంటికి ఒకటిగా కనిపించే రెండు మాటలు వెతుకులాటలో వేరు వేరు అయిపోతాయి. ఖాళీ మీట నొక్కగానే, వాక్యవిరామం పెట్టగానే దాన్ని తీసివేయాలి. వెతికేటప్పుడు ఎలాగూ లెక్కలోకి తీసుకోకూడదు.

కనబడే మోసాలు మరికొన్ని. అనుస్వారం ం, తెలుగు అంకెల సున్న ౦, రెండూ గుండ్రాలే. అంకెల వరుస, అక్షరాల వరుస పక్కపక్కన పెడితే తొందరలో ఒకదాని బదులు ఒకటి నొక్కుతాం, తెరమీద తేడా కనబడదు, ఆ మాట మళ్ళీ వెతికితే దొరకదు. విసర్గకు బదులు ఇంగ్లీషు రెండు చుక్కలు పెట్టి దుఃఖం రాసినవారు ఎందరో. వలపలగిలక కోసం ౯ అంకెను పెట్టడం మరొక దురలవాటు, అది చూపుకు పాత అచ్చులా ఉంటుంది గాని అంకె అంకే, రేఫం కాదు. ఐత్వానికి యూనికోడులో రెండు దారులు ఉన్నాయి, ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ అని రెండుగానూ రాయవచ్చు. రెండూ సమానమే అని ప్రమాణం చెబుతున్నది, కాని ఆ సమానత్వం పాటించని వెతుకుపెట్టెకు అవి రెండు వేరు మాటలు. కీబోర్డు ఒకే దారి పట్టాలి. అంకెలను అక్షరాలకు దూరంగా, వేరే పొరలో పెట్టాలి. ఇవన్నీ అక్షరం తెలిసినవాడు కూర్చుంటే పూట పనిలో తేలే సంగతులు.

ఇంకో అపచారం చెప్పకుండా ఉండలేను. పద్యంలో మధ్యన ఒక అక్షరం తప్పు పడింది, అక్కడికి కర్సరు తీసుకుపోయి మీట నొక్కాను. అక్షరం పద్యం చివర పడింది! మళ్ళీ నొక్కితే మళ్ళీ చివరనే. కర్సరు ఎక్కడున్నదో బ్రౌజరుకు తెలుసు, అడిగితే చెబుతుంది, అడగడానికి ఈ కీబోర్డు రాసినవాడికి తీరిక లేదు. చెరిపే మీట నొక్కితే ఒకచోట అక్షరమంతా పోతుంది, మరొకచోట గుర్తు ఒక్కటే పోతుంది. వెనుకకు చెరిపేటప్పుడు ఒక్కొక్క సంకేతమే పోవాలి, వత్తు ఒక్కటి తప్పు పడితే ఆ వత్తే దిద్దుకోవడానికి. ఫోనులో తెరిస్తే ఈ కీబోర్డూ ఫోను కీబోర్డూ రెండూ ఒకేసారి పైకి వచ్చి, రాసుకునే పెట్టె వాటి మధ్య ఊపిరాడక కొట్టుకుంటుంది. పెట్టెకు ఇన్‌పుట్‌మోడ్ అనే గుణం ఒకటి ఉన్నది, దాని విలువను "నన్" అని పెడితే ఫోను తన కీబోర్డును ఎత్తదు. ఒక్క మాట రాస్తే తీరే బాధ.

మార్చుకునే వీలు గురించి నా పట్టుదల ఇక్కడ. కీబోర్డులోని అక్షరాల వరుస ప్రోగ్రాము లోపల పాతిపెట్టకూడదు. వేరే ఫైలుగా ఉండాలి, మామూలు నోట్‌పాడులో తెరుచుకునేది. వరుసకు ఒక పంక్తి, మీటకు ఒక అక్షరం, ఆ మీట మీద ఏమి కనబడాలి, నొక్కితే ఏమి పడాలి. అంతే. దాన్ని తెలుగు తెలిసినవాడు దిద్దుతాడు, ప్రోగ్రాము తెలిసినవాడు దాని జోలికి రానక్కరలేదు. ఇది ఆకాశంలో మేడ కాదు. వికీపీడియాలో తెలుగు రాయడానికి వాడే జెక్వెరీ ఐఎంఈ అనే ఉపకరణంలో ఒక్కొక్క భాష నియమాలు ఒక్కొక్క వేరే ఫైలులోనే ఉన్నాయి. కీమ్యాన్ అనే ఉపకరణంలో తెరమీది వరుసలను ఎవరికివారు కట్టుకునే వీలు ఉన్నది. ఉన్న మంచిని వదిలి, పదిహేను నిమిషాలలో బిగించవచ్చు గదా అని ఏదో ఒకటి తెచ్చి బిగించడం దగ్గరే నా తగాదా.

నిఘంటువు జాలస్థలికి ఒక వరుస, పిల్లల బడికి ఒక వరుస, శాసనాలు ఎత్తిరాసేవారికి ఒక వరుస కావాలి. బడిపిల్లవాడి ముందు ౚ పెట్టి బెదరగొట్టనక్కరలేదు, శాసనాలవాడి ముందు అది లేకపోతే పని జరగదు. ఒకే వరుస అందరికీ అంటగట్టాలనుకుంటే ఎవరికీ సరిపోదు. ఇన్ని మీటలు పెడితే తెర నిండిపోతుందన్న అభ్యంతరం కూడా విన్నాను. అరుదైనవాటిని మాతృక అక్షరం కింద దాచండి, ర మీద వేలు కాసేపు ఆపితే ఱ, చ మీద ఆపితే ౘ, సున్న మీద ఆపితే అరసున్న. చోటు చాలదన్నవారు ఆ పేజీలోనే సగం తెర మేర తిరిగే బొమ్మలకు కేటాయించారు, ఆ సంగతి మళ్ళీ ఎందుకులెండి.

నేను వారికి రెండు కాగితాలు పంపాను. ఒకటి ఎనిమిది వరుసల పట్టిక, పైన చెప్పిన తీరులో. రెండోది పరీక్షాపదాలు. తెలుగు కీబోర్డు అని పేరు పెట్టుకున్నది ఏదైనా సరే, ఈ మాటలను వేరే ఏ సాయమూ లేకుండా రాయగలగాలి: లక్ష్మి, స్త్రీ, దుఃఖం, పితౄణం, కౢప్తం, శివోఽహం, వాఁడు, ఏఁడు, అఱుగు, నూఱు, ౘుక్క, ౙున్ను, సాఫ్ట్‌వేర్. పదమూడు మాటలు. మీ మీ జాలస్థలులలో కీబోర్డు ఉంటే దానితో ఇవి కొట్టి చూడండి, ఎన్ని పడ్డాయో వ్యాఖ్యలలో రాయండి. నేను ఇంతవరకు తెరిచి చూసిన వాటిలో పదమూడూ పడినది ఒక్కటీ కనబడలేదు. పట్టిక కావలసినవారికి పంపుతాను. అందులో ౘ, ౙలను చ, జల కిందనే ఉంచాలా, తాలవ్యాల వరుసలో వేరే గళ్ళు ఇవ్వాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. తాలవ్యాల వరుసలో దంత్యాలను కూర్చోబెట్టడానికి వ్యాకరణం ఒప్పుకోదు, విడిగా పెడితే వెతికేవాడికి దొరకవు. ఈ విషయంలో అనుభవమున్నవారు ఏమంటారో చెప్పండి.